డీ లూప్ ముడి నారి మీద కూర్చునేదాకా

కాంపౌండ్ విల్లుకి, అంటే కొసల్లో చక్రాలుండే విల్లుకి, డీ లూప్ అనే చిన్న తాడు ఉచ్చుని నారి మీద దుకాణంలో కట్టించుకుని, అదెలా కట్టారో చూడకుండా ఇంటికి వచ్చేసే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటి విల్లు కొన్నప్పుడు నేనూ అలాగే వచ్చేశాను. కొన్నది వేరే ఊళ్లో. కట్టినాయన ముడి వేసి, వేళ్లతో నాలుగుసార్లు లాగి, అయిపోయిందని చేతికిచ్చాడు. మూడో రోజు పొద్దున ప్రాక్టీసులో నారి లాగుతున్నాను, సగం దాటి బరువు బాగా తెలుస్తున్న చోట పై ముడి జారిపోయింది. నా పిడికిలి వచ్చి నా మూతికే తగిలింది, పెదవి చిట్లింది. బాణం టార్గెట్ పైనుంచి వెళ్లి వెనక ఉన్న మట్టికట్టలో దిగింది. ఆ కట్ట వెనక పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. ఆ పొద్దున ఎవరూ లేరు.

సాయంత్రం ఆ తాడు ముక్క తీసుకెళ్లి నాన్నకి చూపించాను. మాది బరంపురం, నాన్న పట్టు నేసేవారు, జీవితమంతా పోగులతోనూ ముడులతోనూ గడిపిన మనిషి. కళ్లజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ముడి వేశార్రా, కూర్చోబెట్టలేదు" అన్నారు. తాడు ఎక్కడా తెగలేదు, నలగను కూడా లేదు, ముడి పడ్డ చోట ఒత్తిన గుర్తే లేదు. అంటే అది నారిని ఎప్పుడూ గట్టిగా పట్టుకోనేలేదు. అప్పటినుంచి నా లూపులు నేనే కట్టుకుంటున్నాను, ఇప్పుడు మా అక్క కూతురికి కూడా నేర్పాను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచినప్పుడు ఫోన్లో చూసి, వెదురు విల్లు పక్కన పెట్టి కాంపౌండ్ కావాలని పట్టుబట్టిన పిల్ల. ఆ పిల్లకి చెప్పినట్టే మీకూ చెప్తాను.

ముందు ఇది ఎవరికి కావాలో చెప్పాలి. వెదురు విల్లుకీ, కొసలు ముందుకి వంగి ఉండే రికర్వ్‌కీ లూప్ ఉండదు, అక్కడ నారిని వేళ్లతోనే లాగుతారు. కాంపౌండ్‌లో రిలీజ్ అనే పరికరం చేతిలో ఉంటుంది, దాని కొక్కెం ఈ లూప్‌ని పట్టుకుంటుంది. కొక్కేన్ని నేరుగా నారికే తగిలిస్తే నారి మీద కాపుగా చుట్టిన సర్వింగ్ దారం అరిగిపోతుంది, పైగా బాణం కింద పట్టుకుని లాగుతాం కాబట్టి నారి బాణం వెనక నుంచి సూటిగా తొయ్యదు. లూప్ ఉంటే లాగుడు సరిగ్గా నాక్ (బాణం తోకలో నారిని పట్టే గాడి) వెనక నుంచి వస్తుంది. వరల్డ్ ఆర్చరీ పోటీల్లో కాంపౌండ్ విల్లు గరిష్ఠ బలం 60 పౌండ్లు, అంటే దాదాపు 27 కిలోలు. ఆ బరువంతా ఈ చిన్న తాడు మీదే పడుతుంది. నారిని పూర్తిగా లాగినప్పుడు, అంటే ఫుల్ డ్రాలో, క్యాములు అనే ఆ కొసల చక్రాలు తిరిగిపోయి చేతికి బరువు తగ్గుతుంది కానీ, మధ్యలో ఒక చోట మొత్తం బరువు తగులుతుంది చూడండి, బిగువు చాలని ముడి అక్కడే జారుతుంది. నాది జారింది కూడా అక్కడే.

తాడు విషయంలో పొదుపు చెయ్యకండి. డీ లూప్ కోసమే అమ్మే అల్లిక తాడు ఉంటుంది, పాలిస్టర్‌ది, దాదాపు 2 మిల్లీమీటర్ల మందం, పట్టుకుంటే కాస్త బిరుసుగా ఉంటుంది. ఆ బిరుసు కావాలి. బూటు లేసులు, టెంటు తాళ్లు, మార్కెట్లో దొరికే నైలాన్ తాడు సాగుతాయి, వాటితో కట్టి చూద్దామని కూడా అనుకోవద్దు. మీటరు కొంటే ఎనిమిది తొమ్మిది లూపులు వస్తాయి. ఇవి కాక ఒక నోస్ ప్లయర్, లైటరు, పదునైన కత్తెర లేదా బ్లేడు, స్కేలు, సర్వింగ్ దారం, ఒక మార్కర్ పెన్ను దగ్గర పెట్టుకోండి. లూప్ మార్చడానికి నారి విప్పక్కర్లేదు, విల్లుని నొక్కి నారిని వదులు చేసే బౌ ప్రెస్ అక్కర్లేదు. విల్లుని ఒళ్లో పెట్టుకునైనా కట్టొచ్చు, స్టాండు ఉంటే ఇంకా మంచిది.

పాత లూప్ ఉంటే కొయ్యడానికి తొందరపడకండి. అది సరిగ్గా పనిచేస్తున్నదైతే మీకు కావాల్సిన కొలతలన్నీ దానిలోనే ఉన్నాయి. పై ముడి పైన, కింది ముడి కింద సర్వింగ్ మీద మార్కర్‌తో సన్నగా గీత పెట్టుకోండి. నారి నుంచి లూప్ వంపు లోపలి అంచుదాకా ఎంతుందో కొలిచి రాసుకోండి. ముడి ఏ పక్కకి తిరిగి ఉందో ఒక ఫోటో తీసుకోండి. ఆ తర్వాత కొయ్యండి, అదికూడా బ్లేడుని నారి వైపు పెట్టకుండా, లూప్ వంపు దగ్గర కోసి, ముడుల్ని ప్లయర్‌తో వదులు చేసి తియ్యండి. బ్లేడు ఒక్కసారి సర్వింగ్‌కి తగిలితే తర్వాత పని లూప్‌తో ఆగదు.

కొత్త విల్లైతే చోటు మీరే వెతుక్కోవాలి. విల్లు మధ్యలో పిడి ఉండే భాగం రైజర్, దానికి బాణాన్ని ఆనించే రెస్ట్ బిగించే రంధ్రం ఉంటుంది, బెర్గర్ హోల్ అంటారు. బాణం ఆ రంధ్రం మధ్యలోంచి వెళ్లేలా రెస్ట్ పెట్టుకుని, నారికి టీ ఆకారపు స్కేలు తగిలించి, బాణం సమంగా గానీ నాక్ వైపు కాస్త ఎత్తుగా గానీ ఉండేలా నాక్ చోటు గుర్తుపెట్టండి. ఆ ఎత్తు 3 మిల్లీమీటర్లు మించనివ్వకండి, మొదలు సమంగా పెట్టుకుంటే తర్వాత సర్దుకోవచ్చు. నాక్ చోటు పైకి జరిపితే బాణం కిందకీ, కిందకి జరిపితే పైకీ పడుతుందని గుర్తుంచుకోండి, ఒక్క మిల్లీమీటరు కూడా దూరం పెరిగేకొద్దీ కనిపిస్తుంది.

ముడి పడే చోట సర్వింగ్ ఎలా ఉందో గోరుతో రాసి చూడండి. దారం చుట్లు విడిపోయి కదులుతుంటే దాని మీద ఎంత గట్టి ముడి వేసినా సర్వింగ్‌తో సహా జరిగిపోతుంది, అలాంటప్పుడు ముందు సర్వింగ్ చుట్టించుకోవాలి. మైనం అంటుకుని ఉంటే పొడి గుడ్డతో తుడిచెయ్యండి. నారికి మైనం రాయాలి, నిజమే, కానీ ముడి కింద మైనం ఉంటే జారుడుబల్ల మీద ముడి వేసినట్టే.

తర్వాత నాక్ సెట్లు. చాలామంది ఇది వదిలేస్తారు, నేను మాత్రం వదలను. నాక్ పట్టే చోటుకి పైనా కిందా సర్వింగ్ దారంతో చిన్న ముడుల కట్టు కట్టాలి, నారికి ముందు ఒక ముడి, వెనక్కి తిప్పి ఒక ముడి, అలా అయిదారు వేసి కొసలు కోసి కాల్చాలి. ఎందుకంటే నారిని లాగినప్పుడు నాక్ దగ్గర అది కోణంగా మడతపడుతుంది, పైనా కిందా లూప్ ముడులు నాక్‌ని ఒత్తేస్తే బాణం రెస్ట్ మీంచి లేచిపోతుంది. నాక్ సెట్ల మధ్య నాక్ పెట్టి చూస్తే కొంచెం, ఒక మడత కాగితం పట్టేంత, ఖాళీ ఉండాలి. లూప్‌ని బిగించేటప్పుడు ముడులు లోపలికి జరగకుండా ఆపేవి కూడా ఇవే.

ఇప్పుడు తాడు. మొదటిసారి 11 లేదా 12 సెంటీమీటర్లు కొయ్యండి. ప్రతిసారీ ఎంత కోశారో, కట్టాక లోపల ఎంత వచ్చిందో రాసుకుంటే మూడో లూప్‌కి మీ కొలత మీకు దొరుకుతుంది. నాకు లోపలి ఖాళీ 12 మిల్లీమీటర్లు సరిపోతుంది, మా పిల్లకి 10 చాలు. లూప్ పొడవు పెరిగితే యాంకర్ చోటు, అంటే లాగిన చెయ్యి ముఖం దగ్గర ఆగే చోటు, అంతే వెనక్కి పోతుంది, కాబట్టి ఇది ఇష్టం వచ్చినట్టు మార్చేది కాదు.

కొసల్ని సూదితో 3 మిల్లీమీటర్ల మేర పీచులా విప్పండి. విప్పకుండా కాలిస్తే బొడిపె చిన్నదవుతుంది. లైటరు మంట పక్క నుంచి చూపిస్తూ, తాడుని మెల్లగా తిప్పుతూ కరిగించండి, మంటలో పెట్టి నల్లగా మాడ్చకండి, మాడింది పెళుసై విరుగుతుంది. కరిగిన కొసని వెంటనే కత్తెర బల్లపరుపు వైపు పెట్టి సన్నగా ఒత్తితే పుట్టగొడుగులా వెడల్పవుతుంది. తాడు మందానికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. వేలితో ఒత్తకండి, కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అతుక్కుని లోపలిదాకా కాలుస్తుంది. రెండు కొసలూ నారికి దూరంగా, బల్ల దగ్గరే కాల్చేసుకోండి. కొంతమంది రెండోది విల్లు మీదే కాలుస్తారు, అది నాకు నచ్చని అలవాటు. ఇప్పటి నారిలో ఎక్కువ భాగం డైనీమా లాంటి పోగు, అది 150 డిగ్రీల లోపే కరుగుతుంది, మంట పైకి తగలక్కర్లేదు, పక్కన ఆడితే చాలు.

ముడి వేద్దాం. విల్లు నిలువుగా, నారి మీ వైపు ఉండేలా కూర్చోండి. తాడు ఒక కొసని పై నాక్ సెట్‌కి పైన నారి పక్కన పెట్టి, ఎడమ నుంచి మొదలుపెట్టి నారి ముందు వైపుగా, అంటే టార్గెట్ వైపుగా, ఒక చుట్టు తిప్పి మీ వైపుకి తీసుకురండి. ఇప్పుడు ఆ బొడిపె కొసని తాడు పొడవు భాగం మీదుగా దాటించి, చుట్టుకీ నారికీ మధ్య పడ్డ సందులోంచి బయటికి లాగండి. అంతే, పొట్లానికి వేసే మొదటి ముడి లాంటిదే, లోపల నారి ఉంది. పొడవు భాగాన్ని లాగితే చుట్టు బిగుసుకుని కొస మీద కూర్చుంటుంది, బొడిపె అడ్డంపడి కొసని వెనక్కి జారనివ్వదు. ముడిని వేళ్లతో బిగించి, బొడిపె ఒక పక్కకి, ఉదాహరణకి ఎడమకి, ఉండేలా తిప్పుకోండి.

రెండో ముడి కింది నాక్ సెట్‌కి కింద వెయ్యాలి. వేసే పద్ధతి అదే, చుట్టు తిప్పే దిక్కు మాత్రం ఎదురు, ఈసారి కుడి నుంచి మొదలుపెట్టాలి. పూర్తయ్యాక పై బొడిపె ఎడమకి, కింది బొడిపె కుడికి రావాలి. మా పిల్ల మొదటి నాలుగుసార్లూ రెండూ ఒకే పక్కకి వేసింది, "మావయ్యా, గట్టిగానే ఉంది కదా" అని వాదించింది కూడా. గట్టిగానే ఉంటుంది. కానీ రెండు చుట్లూ ఒకే దిక్కుకి పురి పెడితే లాగినప్పుడల్లా నారి ఆ పక్కకే తిరుగుతుంది, నారి తిరిగితే అందులో బిగించి ఉన్న పీప్, అంటే గురి చూసే చిన్న రింగు, తిరుగుతుంది, ఫుల్ డ్రాలో పీప్ రంధ్రం కంటికి ఎదురుగా ఉండదు. ఎదురెదురుగా వేస్తే ఒకదాని పురిని ఇంకోటి ఆపుతుంది. పట్టు పోగుకి పురి ఎటు పెట్టాలన్నది మగ్గం ఉన్న ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు కాబట్టి, అలా చెప్పగానే మా పిల్ల ఇంక వాదించలేదు. మీరు మొదటిసారి వేస్తుంటే నారికి బదులు ఒక పెన్సిల్ మీద పది సార్లు వేసి చూడండి, చేతికి అలవాటవుతుంది.

ఇక బిగించడం, అసలు పని ఇదే, సమయం ఎక్కువ పట్టేదీ ఇదే. మొదట వేళ్లతో రెండు ముడుల్నీ నాక్ సెట్లకి ఆనేదాకా జరపండి. లూప్ సూటిగా మీ వైపు చూస్తోందో లేదో పైనుంచి ఒకసారి చూడండి, వంకరగా ఉంటే ఇప్పుడే తిప్పాలి, బిగిశాక తిరగదు. నోస్ ప్లయర్ మొనలకి పలచటి టేపు గానీ గుడ్డ గానీ చుట్టి, మూసి ఉన్న మొనల్ని లూప్ లోపలికి పెట్టండి. ఒక మొన నారికి ఆనాలి, రెండోది లూప్ వంపుకి ఆనాలి. రెండు చేతులతో పిడుల్ని విడదీస్తే మొనలు తెరుచుకుని లూప్‌ని నారి నుంచి వెనక్కి నెడతాయి. పిడులు నొక్కితే మొనలు తెరుచుకునే ప్రత్యేక ప్లయర్ ఉంటుంది, అది దొరికితే చేతికి సుఖం, లేకపోయినా పని ఆగదు.

ఒక్క ఊపులో విరగదీసినట్టు లాగకండి. మెల్లగా తెరిచి, గట్టిగా ఉన్నచోట పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచండి, వదలండి, ముడుల్ని వేలితో మళ్లీ నాక్ సెట్లకి ఆనించండి, మళ్లీ తెరవండి. తాడు బిరుసుది కాబట్టి మొదటిసారి లొంగదు, మూడోసారో నాలుగోసారో చుట్లు ఒకదానిలో ఒకటి దిగడం కంటికి కనిపిస్తుంది, ముడి గుండ్రంగా ఉన్నదల్లా పొట్టిగా, నొక్కినట్టుగా మారుతుంది. అదే కూర్చోవడం. ముడిలో ఉన్న వదులంతా లూప్‌లోకి వస్తుంది కాబట్టి లోపలి ఖాళీ కొంచెం పెరుగుతుంది, ముందే మరీ పొడవుగా కట్టుకుంటే ఇక్కడ ఇబ్బంది పడతారు. బొడిపెలు ముడికి అంటుకుని ఉండాలి. బొడిపెకీ ముడికీ మధ్య తాడు కనిపిస్తోందంటే ఇంకా బిగించాల్సి ఉందన్నమాట.

ఇంకొక మాట, లూప్‌లో స్క్రూడ్రైవర్ పెట్టి విల్లుని కాళ్లతో తొక్కిపట్టి నారిని లాగేవాళ్లని చూశాను. దయచేసి వద్దు. ఆ స్క్రూడ్రైవర్ జారితే బాణం లేకుండా నారి వదిలినట్టే, లింబులు, అంటే విల్లు పై కింది చేతులు, పగులుతాయి, నారి తెగి ముఖానికి కొట్టొచ్చు. ప్లయర్‌తో చెయ్యలేని బిగింపు ఏదీ లేదు, కాస్త ఓపిక కావాలి, అంతే.

బిగిశాక రెండు ముడుల మీదుగా సర్వింగ్ మీదకి కలిపి మార్కర్‌తో సన్నని గీత ఒకటి గియ్యండి. ముడి వెంట్రుకవాసి జరిగినా గీత విరిగి కనిపిస్తుంది. ఇక విల్లు పట్టుకుని టార్గెట్‌కి మూడు నాలుగు మీటర్ల దగ్గర నిలబడండి, వెనక ఎవరూ లేరని చూసుకోండి, బాణం పెట్టి, టార్గెట్ కింది భాగం వైపు గురిపెట్టి, రిలీజ్ తగిలించి పావు వంతు లాగి మెల్లగా వెనక్కి దించండి. తర్వాత సగం. తర్వాత పూర్తిగా. ఒక్కోసారి దించినప్పుడల్లా గీత చూడండి. రిలీజ్ చెయ్యి ముఖానికి సూటిగా కాకుండా కాస్త పక్కగా పెట్టుకుని మొదటి రెండుసార్లు లాగితే, ఒకవేళ జారినా మూతికి తగలదు. నేను ఇప్పటికీ ప్రతి కొత్త లూప్‌కీ ఇలాగే చేస్తాను. అన్నీ సరిగా ఉంటే ఆ దగ్గర దూరం నుంచే ఇరవై, ముప్ఫై బాణాలు వెయ్యండి. అప్పుడు ప్లయర్‌తో ఇంకోసారి తెరిచి చూడండి, చాలాసార్లు ఇంకొంచెం బిగుస్తుంది. లోపలి ఖాళీ మళ్లీ కొలిచి రాసుకోండి.

పీప్ కొద్దిగా పక్కకి తిరిగి వస్తోందంటే, లూప్‌ని ప్లయర్‌తో పట్టుకుని అటో ఇటో కాస్త తిప్పి సరిచెయ్యొచ్చు, కొద్దిపాటి తేడాకే సుమా. ఎక్కువ తేడా ఉంటే అది నారి పురికి సంబంధించిన విషయం, లూప్‌ని మెలితిప్పి కప్పిపుచ్చకండి.

ఎన్నాళ్లకి మార్చాలన్నది రోజుల లెక్క కాదు, చూసి తెలుసుకునేది. కొక్కెం తగిలే వంపు దగ్గర పీచు లేస్తుంది, తర్వాత చదునవుతుంది, తర్వాత అల్లిక లోపలి పోగు కనిపిస్తుంది. పీచు లేవగానే మార్చేస్తాను, లోపలి పోగు కనిపించేదాకా ఆగను. బొడిపెలో పగులు కనిపించినా అదే పని. పోటీ ఉంటే వారం ముందే మార్చుకోండి, ముందురోజు రాత్రి కట్టిన లూప్ మైదానంలో సర్దుకుంటూ ఉంటుంది, దాంతోపాటు మీ గురి కూడా కదులుతుంది.

లూపులు మరీ తొందరగా పాడవుతుంటే తాడుని తిట్టకుండా రిలీజ్ కొక్కేన్ని చూడండి. మాకు గోపాల్‌పూర్ సముద్రం 15 కిలోమీటర్ల దూరం, ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది, కొక్కెం అంచు గరుకెక్కిందంటే ప్రతి బాణానికీ తాడుని కోస్తూ ఉంటుంది. గరుకు వేలికి తెలియకపోవచ్చు, పట్టు పోగుకి తెలుస్తుంది. ఒక పోగు తీసుకుని కొక్కెం మీదుగా అన్నివైపులా లాగండి, ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ సన్నని ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్ది నునుపు చేసి, ఒక చుక్క నూనె రాసి, తుడిచెయ్యండి. పట్టు పోగు లేకపోతే దూది చాలు.

చివరగా, అంబులపొదిలో ఒక చిన్న డబ్బా పెట్టుకోండి. అందులో మీ కొలతకి కోసి రెండు కొసలూ కాల్చి ఉంచిన తాడు ముక్కలు రెండు, టేపు చుట్టిన చిన్న నోస్ ప్లయర్ ఒకటి, కాస్త సర్వింగ్ దారం, కొలతలు రాసుకున్న చీటీ. మా పిల్ల డబ్బాలో ఇప్పుడు మూడు ముక్కలున్నాయి, మూడోది ఎందుకే అంటే, పక్క లైన్లో ఎవరికైనా అవసరమైతే ఇవ్వడానికట.